పాయింటు పెంచితే పోయినది వస్తుందా?



వడ్లు, పత్తి అమ్మిన డబ్బు ఇప్పుడు బ్యాంకు ఖాతాలో పడుతున్నది. ఆ ఖాతా ఫోనులో ఉన్నది. అదే ఫోనులో రమ్మీ కూడా ఉన్నది. కాబట్టి జఫర్‌గఢ్ చుట్టుపక్కల పల్లెలలోని తలిదండ్రులు ఒక లెక్క తెలిసికొనుట మంచిది.

పేకాట వద్దంటే యౌవనస్థులు "ఇది తెలివి ఆట" అంటారు. ఆ మాటకు ఆధారము లేకపోలేదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు, పదమూడు ముక్కల రమ్మీ ముఖ్యముగా నైపుణ్యముతో ఆడే ఆట అని చెప్పింది. అయితే పందెపు ఆట మీద ఆడించేవాడు లాభము తీస్తే అది నేరము కావచ్చునని కూడా ఆ తీర్పులోనే ఉన్నది. ఈ రెండవ మాట ఎవరూ చెప్పరు.

చిన్న పందెములో గెలిచినవాడు "పెద్దదానిలోనూ గెలుస్తాను" అనుకొంటాడు. ఓడినవాడు "పెద్దది ఒక్కటి గెలిస్తే పోయినదంతా వస్తుంది" అనుకొంటాడు. ఇద్దరూ పాయింటు ధర పెంచుతారు.

రమ్మీలో పూర్తిగా ఓడితే 80 పాయింట్లు. పాయింటు రూపాయి అయితే పోయేది 80 రూపాయలు. చేతిలో 8,000 ఉంటే అటువంటి దెబ్బలు నూరు తట్టుకొనవచ్చును. పాయింటు 10 రూపాయలు చేస్తే పది దెబ్బలే. 50 చేస్తే రెండే! వాని తెలివి మునుపెంతో ఇప్పుడూ అంతే. చెడ్డ ముక్కలు వరుసగా పడిన రోజున నిలువగల బలము మాత్రము పోయినది. పైగా పెద్ద పందెములో ఎదుట కూర్చుండేవారు ఆరితేరినవారు.

ఇంకొకటి చూడండి. సమానులైన ఇద్దరు, 10 రూపాయల పాయింటుతో పది ఆటలు ఆడి చెరి ఐదు గెలిచారనుకొందాము. ప్రతి ఆటా 40 పాయింట్లు. ఆడించేవాడు గెలుపులో నూటికి పది తీసికొంటే, ఒక్కొక్కనికి వచ్చేది 1,800, పోయేది 2,000. చెరి 200 నష్టము. ఆ 400 ఆడించినవానివి. పాయింటు ఎంత పెంచితే అతని వాటా అంత పెరుగును.

తెలంగాణ 2017లోనే చట్టము సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు, తెలివి ఆటయినా అదృష్టపు ఆటయినా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టము చేసింది. ఆడించేవారికి మూడేండ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. కాబట్టి నేడు దొంగచాటుగా ఆడించేవాడు గెలిచిన సొమ్ము ఎగవేస్తే, న్యాయముగా అడుగుటకు తావు లేదు.

గోపురము కట్టేవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు ఉపమానములో నేర్పించెను. మీ ఇంట ఎవరైనా ఇందులో చిక్కుకొనియుంటే కేకలు వేయకండి. పక్కన కూర్చుండి ఖాతా లెక్క కాగితము మీద వ్రాయించండి. పోయినది పోయినదని ఒప్పుకొననీయండి. దానిని రాబట్టుటకు కొత్త అప్పు చేయనీయవద్దు. మనసు కుంగిపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ 14416కు ఫోను చేయించండి. అది ఉచితము.

పోయిన డబ్బు మళ్లీ పండించుకొనవచ్చును. సిగ్గుతో బిడ్డ పోతే తిరిగి రాడు. ఈ రాత్రి భోజనముల వేళ మీ ఇంట ఈ మాట మెల్లగా ఎత్తండి.