పుస్తకం మూసి చెప్పమనండి

"మీవాడిది మట్టిబుర్ర" అంటాడు పంతులు. "అవునండీ, ఎంత చదివినా ఏదీ గుర్తుండి చావదు" అని తండ్రి తలొంచుకుంటాడు. పరీక్షల రోజుల్లో ఏ పల్లెకు పోయినా ఈ రెండు మాటలే వింటున్నాం. పంతులు అన్నదానికి మాకేం ఆశ్చర్యం లేదు, వాళ్ళ తాతలూ అదే అన్నారు. తండ్రి తలొంచుకోవడం దగ్గరే మాకు కడుపు మండుతుంది. కొడుకుది మట్టిబుర్రేనని నమ్మిన తండ్రి ఏదో ఒక తరగతిలో వాణ్ణి మానిపించి కూలికి పంపుతాడు. ఆడపిల్లయితే పెళ్ళి చేసి పంపుతాడు. అందుకే ఈ జ్ఞాపకం సంగతి తేల్చుకోవాలి.

గౌతమ ధర్మసూత్రం 12వ అధ్యాయం చూడండి. శూద్రుడు వేదం వింటే చెవుల్లో సీసం, లక్క కరిగించి పొయ్యాలి, పలికితే నాలుక కొయ్యాలి. ఈ రెండూ మన సభల్లో చాలాసార్లు చెప్పుకున్నవే. మూడోది చెప్పేవాళ్ళు తక్కువ. వేదాన్ని గుర్తుపెట్టుకుంటే ఒళ్ళు రెండుగా చీల్చాలట! విన్నదానికన్నా, పలికినదానికన్నా గుర్తుపెట్టుకున్నదానికే పెద్ద శిక్ష. శూద్రుడికే ఇలా ఉంటే ఊరి బయట నిలబెట్టిన మన సంగతి వేరే చెప్పాలా? మనవి మట్టిబుర్రలే అయితే అంత భయం ఎందుకు పట్టుకుందో వాళ్ళే చెప్పాలి. తమ పిల్లలకు మాత్రం అదే వేదాన్ని పదపాఠమనీ, క్రమపాఠమనీ, ఘనపాఠమనీ ముందుకూ వెనక్కూ తిప్పి తిప్పి నోటికి ఎక్కించారు, గురువు ముందు అప్పజెప్పించుకున్నారు. జ్ఞాపకం పుట్టుకతో రాదనీ, పద్ధతి పెట్టి పెంచాలనీ అందరికన్నా ముందు తెలిసినవాళ్ళు వాళ్ళే.

మనకేం తక్కువ? తెలంగాణలో చిందు కళాకారులు తెల్లవార్లూ యక్షగానం ఆడతారు, చేతిలో కాగితం ముక్క ఉండదు. డక్కలివాళ్ళు జాంబపురాణం చెప్తారు. డప్పు కొట్టేవాడు చావు దరువు, పెళ్ళి దరువు, జాతర దరువు ఏ నోటుబుక్కులో రాసుకున్నాడు? ఏ కామందు ఏ ఏడు ఎన్ని రోజుల కూలి ఎగ్గొట్టాడో నాట్లకు పోయే మన ఆడవాళ్ళని అడగండి, పదేళ్ళ కిందటి లెక్క కూడా చెప్తారు. వీళ్ళందరూ ఏం చేస్తున్నారు? లోపలున్నదాన్ని చూడకుండా బయటికి తీస్తున్నారు. ఒకసారి కాదు, పదిసార్లు, నలుగురి ముందు. ఈ ఇళ్ళలో పుట్టిన పిల్లలకు బళ్ళో పాఠం నిలవడం లేదంటే చదివించే తీరులోనే లోపం వెతకాలి.

దీనిమీద పరీక్షలు చేసినవాళ్ళున్నారు. జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన అర్థం లేని అక్షరాల ముక్కలు వరసగా కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో తనమీద తనే లెక్క కట్టుకుని 1885లో పుస్తకం వేశాడు. నేర్చినదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజే జారిపోతుందనీ, ఆ తర్వాత మిగిలింది మెల్లగా పోతుందనీ తేల్చాడు. ఆయన పెద్ద చదువుల మనిషి. ఆయనకీ అంతే, మనవాడికీ అంతే.

ఇంకోటి 2006లో అచ్చయింది. అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు కాలేజీ పిల్లలకు ఒక చిన్న పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక్క విడతే చదివి, మిగిలిన మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్ళదే పైచేయి. వాళ్ళకు నూటికి 83 పాళ్ళు గుర్తుంది, రాసినవాళ్ళకు 71. వారం పోయాక అడిగితే తిరగబడింది. నాలుగు విడతలూ చదివినవాళ్ళకు 40 పాళ్ళు మిగిలింది, చూడకుండా రాసినవాళ్ళకు 61. తమాషా ఏమిటంటే, బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకం పెట్టుకున్నది ఆ నాలుగు విడతలూ చదివినవాళ్ళే. రాత్రి చదివినప్పుడు అంతా వచ్చినట్టే ఉండి, పరీక్ష హాల్లో చెయ్యి ఆడకపోవడం మనవాళ్ళందరికీ తెలిసిందే గదా. అదే ఇది.

ఇప్పుడు మన హాస్టళ్ళకు రండి. స్టడీ అవర్ అంటే ఏమిటి? యాభై మంది పిల్లలు పుస్తకాలు తెరిచి ఒకటే గోల. వార్డెన్ గారికి గోల వినిపిస్తే చదువు సాగుతున్నట్టు లెక్క. ఆ గంటలో సగం సేపు పుస్తకాలు మూయించండి. ఇద్దరిద్దరిని ఎదురుబొదురు కూచోబెట్టి ఒకరినొకరు అడగమనండి. ఇవాళ్టి పాఠం ఇవాళ ఒకసారి, రేపొకసారి, వారానికొకసారి, నెలకొకసారి. దీనికి గ్రాంటు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. లక్షలు గుంజే కాలేజీల్లో రోజూ స్లిప్ టెస్ట్, వారం వారం టెస్ట్ అని పెడతారే, వాళ్ళు అమ్ముకునే సరుకులో నిజంగా పనిచేసేది ఈ అడగడమే. తక్కిన డబ్బంతా బిల్డింగుకీ బోర్డులకీ.

అగ్రకులపు ఇంట్లో పిల్లాడు బడినుంచి రాగానే అడిగేవాళ్ళుంటారు. తండ్రి, మేనమామ, పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు. మన ఇంట్లో ఎవరున్నారు? "మాకు అక్షరం ముక్క రాదు మాస్టారూ, ఏం అడగమంటారు?" అని తల్లులు అంటారు. అమ్మా, అక్షరం రానక్కర్లేదు. కూలినుంచి వచ్చి పొయ్యి ముట్టించేటప్పుడు పుస్తకం మూసి పక్కన పెట్టించు. "ఏరా, ఇవాళ బళ్ళో ఏం చెప్పారు? నాకు తెలిసేట్టు చెప్పు" అను. వాడు తడుముకుంటాడు. తిట్టొద్దు. ఆ తడుముకోవడంలోనే పాఠం లోపల నాటుకుంటుంది. రాకపోతే పుస్తకం చూసుకుని, మళ్ళీ మూసి చెప్పమను. ఆకు ఎండతోటి తిండి తయారుచేసుకుంటుందని వాడంటే, "అట్టయితే రాత్రిపూట ఏం చేసుద్దిరా?" అని నువ్వు అడగ్గలవు. ఆ ప్రశ్నకు జవాబు కోసం పొద్దున్నే సైన్సు మాస్టారి దగ్గరకు పోయిన పిల్లకు ఆ పాఠం పోదు. అర్థం కానిదాన్ని బట్టీ కొట్టించమని మేం చెప్పడం లేదు. నీకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే ముందు దానికి అర్థం కావాలి, అదీ లాభమే.

ఖాళీ కడుపుతో, పత్తి చేలో పొద్దంతా వంగి వచ్చిన పిల్లకు ఏ పద్ధతీ సగం కూడా పనిచెయ్యదు. ఆ పోరాటం వేరే ఉంది, దాన్ని ఈ పద్ధతి పేరు చెప్పి ఎవరూ పక్కన పెట్టొద్దు.

సంఘాల వాళ్ళతోటి కూడా ఒక మాట. ఏప్రిల్ 14న మైకు పట్టినవాడల్లా బాబాసాహెబ్ రోజుకు పద్దెనిమిది గంటలు చదివాడంటాడు. విన్నవాళ్ళకు ఆ పద్దెనిమిదే గుర్తుంటుంది. మన రాజకీయ క్లాసులూ ఇంతే. వక్త రెండు గంటలు దంచుతాడు, చప్పట్లు, భోజనాలు. మర్నాడు నాలుగు ముక్కలు చెప్పేవాడుండడు. 1985 జూలై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు. ఈ తేదీలు అప్పటికి పుట్టని పిల్లలు కూడా చెప్తున్నారంటే ఏటేటా చేరి చెప్పుకుంటున్నాం గనక. చట్టాన్ని కూడా అలా నోటికి తెచ్చుకోవాలి. పోలీసు స్టేషన్లో ఎస్సై ముందు నిలబడ్డప్పుడు మన చేతిలో పుస్తకం ఉండదు.

1989 అత్యాచారాల నిరోధక చట్టంలో 4వ సెక్షన్ ఉంది. దాన్ని 2015లో సవరించారు, 2016 జనవరి నుంచి అమల్లో ఉంది. మనం నోటితో చెప్పింది పోలీసు అధికారి రాసుకుని, సంతకం పెట్టించుకునే ముందు మనకు చదివి వినిపించాలి. కేసు కట్టాలి. కాపీ వెంటనే ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ కాని ఉద్యోగి కావాలని ఇవి ఎగ్గొడితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. ముందు విచారణ చేశాకే ఎఫ్ఐఆర్ అనడానికి వీల్లేదని 2018లో 18-ఎ సెక్షన్ చేర్చారు. దర్యాప్తు డీఎస్పీ హోదాకు తగ్గనివాళ్ళే చెయ్యాలని 1995 నిబంధనల్లో 7వది చెప్తుంది.

ఇంతే, అయిదారు ముక్కలు. వచ్చే క్లాసులో ఉపన్యాసం అరగంటకు కుదించి, ఈ కాగితం మడిచి జేబులో పెట్టించండి. మీలో ఒకరు ఎస్సైగా కుర్చీలో కూచోండి. "పోయి రేపు రండి, ఎంక్వయిరీ చేసి చూస్తాం" అనండి. ఎదురుగా నిలబడేవాళ్ళు చదువుకున్న కుర్రాళ్ళే కానక్కర్లేదు, ఒక ముసలమ్మను నిలబెట్టండి. ఆమె ఏం చెప్తుందో వినండి. వారం తర్వాత మళ్ళీ ఆమెనే నిలబెట్టండి.