పల్లం లెక్కలు – 9: మట్టి ఎవరిది, మునక ఎవరిది?



‘నీరు పల్లమెరుగు’ అంటారు పెద్దలు. నిజమే. మరి ఆ పల్లాన్ని తయారు చేసేదెవరు? ఈ ప్రశ్న మలక్‌పేటలో వేస్తే జవాబు లారీల్లో దొరుకుతుంది.

చాదర్‌ఘాట్ నుంచి మూసారాంబాగ్ దాకా మూసీ ఒడ్డున నడవండి. మూసానగర్, శంకర్‌నగర్ లాంటి బస్తీలు కనబడతాయి. రెక్కల కష్టం మీద బతికే పేదలుండే చోట్లవి. నగరంలో ఎక్కడ పాత ఇల్లు కూల్చినా ఆ శిథిలాలు ఎక్కడికో పోవాలి. జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో వాటిని రీసైకిల్ చేసే ప్లాంట్లున్నాయి. అయినా రాత్రిపూట లారీ దగ్గరి దారి చూసుకుంటది. నది ఒడ్డో, చెరువు శిఖమో, నాలా అంచో. పోసిన చోట నేల లేస్తది, నీటికి చోటు తగ్గుతది.

ఇది దొంగచాటు వ్యవహారం. పట్టపగలు జరిగేది ఇంకొకటుంది. కొత్తగా అపార్ట్‌మెంట్ కట్టేవాళ్లు ముందు ప్లాటులో మట్టి పోయించి ఎత్తు చేసుకుంటారు. ఆ పక్కనే రోడ్డు వేసేవాళ్లు పాత పొర గీకకుండా దాని మీదే కొత్త తారు పరుస్తారు. కొన్నేళ్లకు మధ్యలో ఉన్న రేకుల ఇల్లు గుంతలో పడ్డట్టు అవుతుంది. ఒకప్పుడు రోడ్డు కంటే ఎత్తున్న గడప ఇప్పుడు దిగుడు మెట్టు. ఆ ఇంటివాళ్లు తమ నేల నుంచి ఒక్క తట్ట మట్టి తీయలేదు. అయినా వాళ్ల ఇల్లే పల్లమైంది.

ఇప్పుడు చట్టం వైపు చూద్దాం. 2012 నాటి జీవో 168 ప్రకారం నగరపాలక పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్లు వదలాలి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. మంచిదే, నదికి చోటు కావాలి. కానీ ఇవన్నీ అడ్డం కొలతలు. 2024లో మూసీ ఒడ్డు బస్తీల్లో గోడల మీద ఎర్రరంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాసింది ఈ అడ్డం కొలతతోనే. కొన్ని కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్లకు తరలించి ఆ ఇళ్లు కూల్చారు. అడ్డం కొలతకు మొదట దొరికేది పేదవాడు. ఎవరు ఎన్ని అడుగుల మట్టి పోశారో నిలువుగా కొలిస్తే దొరికేది వేరేవాళ్లు. ఆ కొలత మీద మాత్రం ఇంత పట్టుదల ఎక్కడా కనబడదు.

“నది పక్కన ఇల్లు కట్టుకుంటే మునగదా?” అని అడిగే మిత్రులున్నారు. సరే, ఎగువకు పోదాం. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తర్వాతే విశ్వేశ్వరయ్య సలహాలతో ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. ఆ జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో జీవో 111 తెచ్చారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలను సడలించారు. ఎగువన భూమికి ధర ఉంది కనుక సడలింపు. దిగువన మనిషికి ధర లేదు కనుక టేపు. 2025 సెప్టెంబరులో జలాశయాల గేట్లెత్తితే ఎంజీబీఎస్ బస్‌స్టేషనే మునిగింది. బస్తీ ఎంత?

ఇక అసలు సంగతి, ప్రజాభిప్రాయ సేకరణ. మట్టి, శిథిలాలు, నేల ఎత్తులకు సంబంధించిన ఏ నిబంధన మార్చినా ముసాయిదా పెట్టి ‘అభ్యంతరాలు, సూచనలు పంపండి’ అంటారు. ఏ భాషలో, ఎక్కడ, ఏ వేళకు? 2020లో పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదాను ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెబితే, కేంద్రం ఆ ఆదేశం మీద సుప్రీంకోర్టుకు పోయింది. అనువాదానికే అంత వెనకాడితే మన మాట వినేదెప్పుడు? పోనీ, ఇది చేతకాని పనా? 2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ నివేదికను స్థానిక భాషలో ఇమ్మంది, ప్రభావిత ప్రాంతంలోనే బహిరంగ విచారణ జరపమంది. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు?

తెలంగాణ పల్లెల్లో చెరువు తూము ఎత్తి, దించి, ఏ మడికి ఎంత నీరో చూసిన నీరడి మన వాడల మనిషి. నీటి నడక ఆయనకు తెలిసినంతగా పటేలుకు తెలియదు. ఈ రోజు ఏ వీధిలో నీళ్లు ఎటు మళ్లుతాయో పారిశుధ్య కార్మికురాలికి తెలుసు, మ్యాన్‌హోల్ మూత ఎత్తేవాడికి తెలుసు. నిబంధన రాసేటప్పుడు వాళ్లను పిలవరు. 1927లో మహద్‌లో బాబాసాహెబ్ చెరువు నీళ్లు తాగే హక్కు కోసం కదిలారు. ఆనాడు నీళ్లు మనకు అందనివ్వలేదు, ఈనాడు మన మీదికి వదులుతున్నారు. రెండు చోట్లా నిర్ణయం మనది కాదు.

కాబట్టి అడగాల్సినవి ఇవి:

ముసాయిదా తెలుగులో, ఉర్దూలో రావాలి. బస్తీలోనే, కూలి నుంచి తిరిగొచ్చే సాయంత్రం వేళ చదివి వినిపించాలి.

ప్లాటు ఎత్తు పెంచే ప్రతి అనుమతిలో ముందు ఎత్తు, తర్వాత ఎత్తు, నీరు పోయే దారి రాయాలి. పక్కింటివాళ్లకు అభ్యంతరం చెప్పే హక్కుండాలి.

పాత పొర గీకకుండా రోడ్డు వేయొద్దు.

శిథిలాల లారీ ఎక్కడ బయల్దేరింది, ఎక్కడ దించింది అన్నది అందరికీ కనబడాలి. 2025 నాటి కొత్త కేంద్ర నిబంధనలు ఉత్పత్తిదారు విస్తృత బాధ్యతను 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న ప్రాజెక్టులకే పెట్టాయి. మన గల్లీల్లో లేచే కట్టడాలు ఆ లెక్కకు అందవు. వాటికి స్థానిక నిబంధనే దిక్కు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. ఒక ఆదివారం మేస్త్రీ అన్నను వెంటబెట్టుకుని, నీళ్లు నింపిన లెవల్ పైపుతో ఒక్క గల్లీ కొలవండి. రోడ్డెంత ఎత్తు, కొత్త బిల్డింగ్ ఎంత ఎత్తు, ప్రతి గడప ఎంత లోతు, అన్నీ ఇంటివాళ్ల ముందే కాగితం మీద రాయండి. వాళ్ల సంతకాలో, వేలిముద్రలో తీసుకోండి. రేపు ఎవరైనా ‘అభ్యంతరాలున్నాయా’ అని అడిగితే ఆ కాగితమే మన జవాబు. అడగకపోతే మనమే తీసుకెళ్లి బల్ల మీద పెడదాం.

జై భీమ్.