కోవ వేరు, మూస వేరు

మన గుంటూరు, ప్రకాశం జిల్లాల కళాశాలల్లో విద్యార్థులు తీసే రైతు లఘుచిత్రాల్లో ఒకటి చూస్తే తక్కినవన్నీ చూసినట్టే. ముందుగా ఆకాశంనుంచి డ్రోను, కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఎర్రదనం. వెనక వేణువు. తలగుడ్డ చుట్టుకున్న తండ్రి శూన్యంలోకి చూస్తాడు. హైదరాబాదులోని సాఫ్ట్‌వేరు కొడుకు ఫోను ఎత్తడు. పురుగుమందు డబ్బా తెరనిండా కనబడుతుంది. ఆపైన నల్లతెర మీద ‘అన్నదాతను ఆదుకుందాం’ అన్న అక్షరాలు. చప్పట్లు, శాలువా, జ్ఞాపిక. (పత్తీ మిరపా పండించేవాడు తినే బియ్యం కూడా కొనుక్కునే మనిషి. ఆ మాట అతనికి ఎలా అతుకుతుందో ఎవరూ అడగరు.)

తప్పు పిల్లలది కాదు. వారికి పాఠం చెప్పేవారిలో ఒక తెగ ‘సినిమాలన్నీ మరిచిపోయి కొత్తగా ఆలోచించండి’ అంటుంది. ఇరవై ఏళ్ల కుర్రవాడు చూసిన వందల సినిమాలను మరిచిపోవడం ఎలాగ? రెండవ తెగ మరీ ప్రమాదకరం. సందేశం ఉందా, కన్నీరు ఉందా, నిడివి పది నిమిషాలు దాటలేదు కదా అని లెక్క చూసుకుని మార్కులు వేస్తుంది. ఇద్దరూ కలిసి నేర్పనిది ఒకటే: కోవ అంటే ఏమిటో. ప్రేక్షకుడికీ కథకుడికీ మధ్య ముందే కుదిరిన ఒడంబడిక కోవ. ఆ ఒడంబడికను చదవకుండా చేసే సంతకం మూస.

ఉదాహరణకు ఫ్యాక్షన్ చిత్రాన్ని తీసుకోండి. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’. ఆ వరుసలో ఒక కట్టుబాటు స్థిరపడింది: అజ్ఞాతంగా బతుకుతున్న నాయకుడు, విరామానికి ముందు బయటపడే గతం, సుమోల వరుస, గాలిలో లేచే మనుషులు. ఇప్పుడు పల్నాటి కుర్రవాడు తన ఊరి కక్షల మీద చిత్రం తీస్తే పాత్రలు సీమ యాసలో మాట్లాడతాయి! కారంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఉత్సవాలు జరిగే సీమలో పుట్టాడు. ఆ ఆయుధాల పూజా, ఆ చాపకూడూ అతని కళ్లముందే ఉన్నాయి. అయినా పగ అనగానే అతనికి గుర్తొచ్చేది వేరే జిల్లా గురించి సినిమావాళ్లు కల్పించిన నుడికారం. అది కట్టుబాటని తెలిస్తే పాటించవచ్చు, తప్పవచ్చు. అదే లోకరీతి అనుకున్నవాడు ఏం చేయగలడు?

కట్టుబాటు సృజనకు సంకెల అనేవారు నాజరును గుర్తు తెచ్చుకోవాలి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టి, ప్రజానాట్యమండలిలో ఎదిగి, 1986లో పద్మశ్రీ అందుకుని, 1997లో వెళ్లిపోయిన షేక్ నాజరు. ఆయన చేతికి వచ్చిన బుర్రకథ పాత జంగం కథల వారసత్వం. నడుమ తంబురతో కథకుడు, ఇరుప్రక్కలా గుమ్మెటలతో వంతలు. ఆ చట్రాన్ని ప్రజానాట్యమండలివారు పగలగొట్టలేదు, ఒక్కొక్క చోటికీ కొత్త పని అప్పజెప్పారు. ఒక వంత హాస్యానికి, రెండవ వంత రాజకీయానికి. వీరగాథ సాగుతుండగానే వంత అడ్డుతగిలి ఇవాళ్టి ధరల మాటా, దొరల మాటా ఎత్తుతాడు. జనం కథకోసం వచ్చారు కనుకనే ఆ మాట విన్నారు. మద్రాసులో ఆంగ్ల ప్రభుత్వమూ, హైదరాబాదులో నిజామూ బుర్రకథను ఊరికే నిషేధించలేదు. మన జర్నలిజం విద్యార్థుల్లో ఎందరికి ఈ పాఠం చెబుతున్నారు?

ఇంకొంచెం దగ్గరి కాలానికి వద్దాం. జహీరాబాదు పక్కన పస్తాపూరులో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ నీడన, దళిత స్త్రీలు కెమెరా పట్టారు. వారిలో చాలామంది బడి మొహం చూడనివారు. వారు కెమెరా కోణాలకు పెట్టుకున్న పేర్లు ఏ పాఠ్యగ్రంథంలోనూ లేవు. పైనుంచి కిందికి చూసేది పటేలు షాటు. కిందనుంచి పైకి చూసేది బానిస షాటు. కంటికి సమంగా ఉండేది సంఘం షాటు, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. బీటీ పత్తికి 2002లో అనుమతి రాగానే వారు వరంగల్లు రైతుల వెంట తిరిగి, పంటకాలమంతా చిత్రించి, 2003లో చిత్రం విడుదల చేశారు. పత్తి బతుకు వరంగల్లులో ఎంతో మనకూ అంతే. మన విద్యార్థి డ్రోను మాత్రం ఇంకా పటేలు షాటు దగ్గరే ఎగురుతోంది.

‘రైతు చావు వంటి గంభీర విషయంతో ఆటలా?’ అని అడిగేవారుంటారు. అనూషా రిజ్వీ 2010లో ‘పీప్లీ లైవ్’ను ప్రహసనంగానే తీసింది, అందులో రైతును గాక అతని చావుకోసం కాచుకున్న కెమెరాలను వెక్కిరించింది. గాంభీర్యం పేరిట మనం చేస్తున్నది ఏమిటి? ఆత్మహత్య పద్ధతిని వివరంగా చూపవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ పాత్రికేయులకు చెబుతూనే ఉంది. సినిమా, రంగస్థల కళాకారులకోసం 2019లో వేరే మార్గదర్శిక కూడా వెలువరించింది. ఉదయం తరగతిలో ఆ పాఠం, సాయంత్రం డబ్బా మీద క్లోజప్! ఆ డబ్బా చిత్రాన్ని ముగిస్తుంది కాబట్టి అప్పు ఎవరిదో, భూమి ఎవరిదో, మర్నాడు ఆ ఇల్లాలు ఏమైందో చెప్పే శ్రమ తప్పుతుంది.

మన నేల మీద ఏ కోవకు కథ కరువు? 2019లో వచ్చిన చట్టం కౌలుదారుకు సాగు హక్కు కార్డు ఇస్తానంది, అయితే భూయజమాని అంగీకరిస్తేనే అంది. ఆ భూమి మీద యజమాని అప్పటికే పంటరుణం తీసేసుకున్నాడని ప్రేక్షకుడికి తెలుసు, కౌలుదారుకు తెలియదు. అతను నల్ల తామరకు మందు కొడుతూ సంతకంకోసం ఎదురుచూస్తుంటాడు. ఉత్కంఠ అంటే ఇదే. హిచ్‌కాక్ బల్లకింద బాంబు పెట్టి చెప్పిన పాఠం కూడా ఇదే. అపరాధ పరిశోధన కావాలా? మిర్చి యార్డులో దించిన టిక్కీకి తేమ అని ఒక కోత, తాలు అని ఒక కోత. పెట్టుబడి ఇచ్చిన కమీషను వ్యాపారికే సరుకు అమ్మాలి. 2025 ఫిబ్రవరిలో ధర కుప్పకూలితే కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలు అంది. సాగుఖర్చుకూ ఆ అంకెకూ మధ్య మాయమైన సొమ్ము జాడ తీసే పరిశోధకుణ్ని నేను చూసిన చిత్రాల్లో ఎక్కడా కలుసుకోలేదు. కర్నూలు పడమటి మండలాలనుంచి పిల్లాపాపలతో వచ్చి కాయలు కోసే కూలీలది ప్రయాణకథ. అందులో వారి మాట వారిదే కావాలి, కోస్తా డబ్బింగు గొంతు కాకూడదు.

పోటీలు పెట్టేవారికి ఒక విన్నపం. నిబంధనల్లోనుంచి ‘సందేశాత్మకంగా ఉండవలెను’ అన్న వాక్యం కొట్టివేయండి. దాని చోట ఇది పెట్టండి: చిత్రంతోపాటు విద్యార్థి ఒక పుట రాసివ్వాలి. తాను ఏ కోవను ఎంచుకున్నాడో, అందులో ఏ కట్టుబాటును పాటించాడో, దేన్ని తప్పాడో, ఎందుకో. ఆ పుట రాయలేనివాడికి డ్రోను అద్దెకు ఇవ్వకండి.