గోల్ ముందర ఎవరున్నారు?

2025వ సంవత్సరంలో ఆసియా కప్ అర్హత పోటీలలో భారత ఫుట్‌బాల్ జట్టు ఆడిన తీరును గురించి పలువురు పలు విధాలుగా వ్రాశారు. అదృష్టం కలిసిరాలేదన్నవారు కొందరు. ఫెడరేషన్ నిర్వాకమన్నవారు కొందరు. నడుమ కోచ్‌ను మార్చవలసి రావడమే కారణమన్నవారు మరికొందరు. వీటిలో నిజం లేకపోలేదు. కాని తెల్లవార్లూ ఫుట్‌బాల్ మాట్లాడుకొనే అభిమానులుగా మా అభిప్రాయం వేరు. మన జట్టు పరుగు లేక ఓడలేదు, పట్టుదల లేక ఓడలేదు. పెనాల్టీ ఏరియాలో నిలిచి బంతిని వలలోనికి పంపే పని ఫలానా వానిదని చెప్పదగిన మనిషి లేక ఓడినది. ఆ మనిషిని తయారు చేసుకోవాలన్న ఆలోచన కూడ మనకు లేక ఓడినది.

ముందుగా లెక్క చూడవలెను. మార్చి 25న షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. జూన్ 10న హాంగ్‌కాంగ్‌లోని క్రొత్త కై తాక్ స్టేడియంలో 0-1. ఆ ఒక్క గోలు ఆట ముగిసే వేళ, అదనపు నిమిషాలలో మనమిచ్చుకొన్న పెనాల్టీ. అక్టోబరు 9న సింగపూర్‌లో 1-1. అదే నెల 14న గోవాలోని ఫతోర్డాలో, మన గడ్డ మీద, అదే సింగపూర్ చేతిలో 1-2. నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1. ఐదు ఆటలలో రెండు పాయింట్లు, రెండే రెండు గోల్స్. బంగ్లాదేశ్ మనపై గెలవడం 2003 తరువాత అదే మొదటిసారి. గ్రూపులో మొదటి స్థానం దక్కిన జట్టుకే ప్రవేశమన్న పోటీ అది. డ్రా తీసిననాడు ఆ నాలుగు జట్లలోను ఫిఫా ర్యాంకు మనదే పైది! 2019లోను, 2023 పేరిట జరిగిన పోటీలోను ఆడిన దేశానికి 2027 ఆసియా కప్ తలుపు ఫతోర్డాలోనే మూసుకొన్నది.

ఇది ఒక్క సంవత్సరపు కథ కాదు. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో మన జట్టు ఆస్ట్రేలియాతో 0-2, ఉజ్బెకిస్తాన్‌తో 0-3, సిరియాతో 0-1గా ఓడినది. మూడు ఆటలలో ఒక్క గోలు లేదు. ఆ మార్చి నెలలోనే గౌహతిలో, సునీల్ ఛెత్రి తన 150వ అంతర్జాతీయ పోటీలో పెనాల్టీ గోలు కొట్టి ఆధిక్యం ఇచ్చినా, అఫ్గానిస్తాన్ చేతిలో 1-2గా ఓడిపోయినాము. అంతకు ముందు సంవత్సరం ఇదే జట్టు బెంగుళూరు కంఠీరవ స్టేడియంలో కువైట్‌ను పెనాల్టీలపై ఓడించి శాఫ్ కప్ గెలిచినది. ఆ జూలైలోనే ఫిఫా పట్టికలో 99వ స్థానానికి ఎక్కినది. మడకశిర వారికి హైదరాబాదు కన్న బెంగుళూరే దగ్గర గదా! ఆ గెలుపు మన పొరుగింటిలో జరిగిన పెండ్లివలె తోచినది. అది రెండేండ్లకే ఇట్లు కావడం మనసుకు కష్టం కలిగించినది కనుకనే ఈ నాలుగు మాటలు.

ఇక ఆట సంగతి. మన జట్టు బంతిని మధ్య గీత వరకు చక్కగానే తీసుకొనిపోతున్నది. అక్కడినుండి వింగ్‌కు అందించడం, వింగ్ ఆటగాడు గీత వెంట పరుగెత్తి బంతిని గాలిలోనికి ఎత్తి గోల్ ముందరకు వేయడం, ఎదుటివారి పొడుగాటి రక్షకుడు తలతో తీసివేయడం. మరల ఇదే వరుస. ఆకాశం నిండా మబ్బు పట్టి, గాలి లేచి, చినుకు పడకుండానే కన్నడ సీమ వైపు తేలిపోయే ఆషాఢ మేఘాలు మన ప్రాంతపు రైతుకు క్రొత్త కాదు. షిల్లాంగ్ ఆట చూస్తూ ఉంటే మాకు అదే జ్ఞప్తికి వచ్చినది.

మన ముందు వరుసవారు పొట్టివారు, చురుకైనవారు. వారికి గాలిలో బంతి వేయడం దేనికి? వింగ్ చివరిదాక పోయి, బంతిని నేల మీదనే వెనుకకు కోసి ఇస్తే, వెనుకనుండి పరుగున వచ్చేవాడు కాలితో కొట్టవచ్చును. రక్షకుడు తన గోల్ వైపు ముఖం పెట్టి పరుగెత్తుతూ ఉంటాడు కనుక వానికి ఆ బంతి అందడం కష్టం. ఇది గొప్ప రహస్యమేమీ కాదు. కాని అట్లు చేయాలంటే ఇద్దరు మనుషులు గోల్ ముందర ఉండవలెను. ఒకడు రక్షకులను లాగుకొనిపోవలెను, రెండవవాడు ఆ ఖాళీలోనికి రావలెను. మన జట్టు ముందర ఒక్కనినే నిలుపుతున్నది. ఆ ఒక్కడు కూడ చాలాసార్లు పుట్టుకతో వింగ్ ఆటగాడే. హాంగ్‌కాంగ్‌లో మొదటి అర్ధభాగంలో గోల్ ముందర చక్కని అవకాశం ఆషిక్ కురుణియన్‌కు వచ్చి తప్పిపోయినది. ఆయనను నిందించి ప్రయోజనమేమి? క్లబ్బులో సంవత్సరమంతా గీత వెంట పరుగెత్తేవానిని, ఒక్క సాయంకాలం గోల్ ముందర నిలిపి, నీవే కొట్టుమంటే కాలు తడబడకుండునా?

అక్టోబరులో సింగపూర్‌తో జరిగిన రెండు ఆటలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెనని మా మనవి. మొదటి ఆట వారి దేశంలో. ఒక గోలు వెనుకబడి ఉన్నాము. రెండవ అర్ధభాగం ఆరంభం కాగానే సందేశ్ ఝింగన్‌ను రిఫరీ బయటికి పంపినాడు. పది మందితో మిగిలిన జట్టు చివరి నిమిషాలలో వెంటబడి తరిమినది. ఎదుటివారి రక్షకుడు తొట్రుపాటుతో వెనుకకు ఇచ్చిన బంతిని రహీం అలీ అందుకొని 90వ నిమిషంలో గోలు చేసినాడు. ఐదు రోజుల తరువాత ఫతోర్డాలో పదకొండు మందీ ఉన్నారు, ప్రేక్షకులు మనవారు, 14వ నిమిషంలోనే చాంగ్టే కొట్టిన చక్కని గోలుతో ఆధిక్యం కూడ వచ్చినది. ఆ తరువాత మన జట్టు వెనుకకు జరిగినది. ఉన్నదానిని కాపాడుకొందామన్న భయం మెల్లగా ఆటగాళ్ళ కాళ్ళలోనికి దిగినది. విరామానికి ఒక్క నిమిషం ముందు సాంగ్ ఉయ్-యంగ్ సమం చేసినాడు; 58వ నిమిషంలో మరల ఆయనే. పోగొట్టుకొనుటకు ఏమీ లేని పది మంది తరిమి సంపాదించినారు. ఒక గోలు చేతిలో ఉన్న పదకొండు మంది కాపలా కాచి పోగొట్టినారు. ఖాలిద్ జమీల్ గారు ఓర్పు గల కోచ్. 2025 ఆగస్టులో బాధ్యత తీసుకొన్న వెంటనే మధ్య ఆసియా పోటీలో మన జట్టును మూడవ స్థానానికి తెచ్చినారు. ఒమాన్ వంటి జట్టును పెనాల్టీలపై గెలిచినారు. బలవంతుని ఎదుట వెనుకకు జరిగి ఆడడం ఆయనకు తెలిసిన విద్య. సమానుని ఎదుట, సొంత గడ్డ మీద, అదే విద్య చెల్లదు.

అయితే కోచ్‌కు మాత్రం ఆటగాడు ఎక్కడినుండి రావలెను? ఇక్కడనే అసలు చిక్కు. ఇండియన్ సూపర్ లీగ్ 2014లో ఆరంభమైనది. నాటినుండి 2024-25 వరకు పదకొండు సీజన్లలో అత్యధిక గోల్స్ చేసిన ఆటగాని బహుమతి ఒక్కసారి కూడ భారతీయునికి దక్కలేదు. ప్రతి క్లబ్బు గోల్ ముందర విదేశీయుని నిలుపుకొంటున్నది. మన కుర్రవాండ్రకు వింగులు, వెనుక వరుస మిగులుతున్నవి. 2024-25లో భారతీయులలో అందరికంటె ఎక్కువ గోల్స్, 14, చేసినది ఎవరు? నలభై ఏండ్ల ఛెత్రి! 2024 జూన్‌లో కలకత్తాలో అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు చెప్పిన ఆయనను 2025 మార్చిలో మరల పిలుచుకొనవలసి వచ్చినది. ఆయన రావడం ఆయన గొప్పతనం. పిలువవలసి రావడం మన పేదరికం.

హైదరాబాదు ముచ్చట కూడ ఇంతే. 2022 మార్చి 20న హైదరాబాదు ఎఫ్.సి. కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి లీగ్ కప్ గెలిచిననాడు తెలుగువారు ఎంత పొంగిపోయినారో! ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపిన గోల్ కీపర్ కట్టిమణి గోవావాడు. ఆ జట్టులో మన దేశపు యువకులు ఎందరో ఉన్నారు. కాని ఆ సీజన్‌లో 18 గోల్స్ చేసినవాడు నైజీరియా దేశస్థుడు ఓగ్బెచే. రెండేండ్లకు డబ్బు కటకట వచ్చి విదేశీయులు ఒక్కొక్కరే తరలిపోగా, 2023-24లో అదే క్లబ్బు 22 ఆటలలో ఒక్కటి గెలిచి అట్టడుగున నిలిచినది. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయినది. అద్దె ఇంటి దీపం ఎవరిదని అడిగినట్లయినది.

హైదరాబాదు పేరు ఎత్తినప్పుడు సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్‌ను తలవకుండా ఉండలేము. 2024లో వచ్చిన 'మైదాన్' చిత్రం వలన నేటి విద్యార్థులకు ఆ పేరు తెలిసినది. అంతకు ముందు ఎందరికి తెలుసునో సందేహమే. ఆయన బడిపంతులు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుమార్లు రోవర్స్ కప్ విజేతగా నిలిపినాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10గా ఓడినది. అంత ఘోరమైన ఓటమి తరువాత ఆయన గోల్ ముందర కాపలా పెంచుకొని కూర్చోలేదు. నాలుగేండ్లకు మెల్బోర్న్‌లో అదే దేశం ఆస్ట్రేలియాను 4-2గా ఓడించి ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందినది. ఆ నాలుగింటిలో మూడు సెంటర్ ఫార్వర్డ్ నెవిల్ డిసౌజా చేసినవి.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్ సంగతి మన చర్చకు మరీ దగ్గర. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0-2గా ఓడినాము. థాయిలాండ్‌తో ఆటలో జట్టుకు వెన్నెముక వంటి రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడినవి. ఇంకొకరైతే ఆయనను కూర్చోబెట్టి, వెనుక మరొకనిని నిలిపి, దేవుని మీద భారం వేసి ఉందురు. రహీం సాబ్ ఆ గాయపడిన రక్షకుని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపినాడు! సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై ఆయన గోలు చేసినాడు. ఫైనల్‌లో అదే దక్షిణ కొరియాపై 2-1గా గెలిచినప్పుడు ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండవది జర్నైల్ సింగ్‌ది. ముందు వరుసలో జంటనగరాల యూసుఫ్ ఖాన్, తులసీదాస్ బలరాం ఉన్నారు. స్టేడియం నిండా మనపై కేకలు వేసే జనం. అప్పటికే వ్యాధి పీడితుడైన రహీం సాబ్ మరుసటి సంవత్సరం జూన్‌లో కన్నుమూసినాడు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఆ తరువాత మనకు స్వర్ణం రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో దక్కిన కాంస్యం చివరి పతకం. ఆ జట్టుకు నాయకుడు హైదరాబాదీ నయీముద్దీన్, ముందు వరుసలో ఆడినవాడు హైదరాబాదీ హబీబ్.

కాలం మారినది, ఆ రోజుల ఆట ఇప్పుడు చెల్లదు అనేవారున్నారు. ఆట వేగం పెరిగిన మాట నిజమే. అయినా మేము రహీం సాబ్ వ్యూహాన్ని అచ్చుగ్రుద్దమనడం లేదు. గోలు కావలసినప్పుడు మనిషిని గోల్ ముందరకు పంపిన ఆ ధైర్యం కావాలంటున్నాము. విదేశాలలో పుట్టి పెరిగిన భారత సంతతివారిని తెచ్చుకొంటే సరిపోతుందని మరికొందరి వాదం. బంగ్లాదేశ్ హమ్జా చౌదరిని ఇంగ్లండునుండి రప్పించుకొని లాభపడినది, కాదనలేము. వచ్చేవారు రానిండు. కాని అప్పు తెచ్చిన విత్తనం ఒక కారుకే. మరుసటి ఏటికి మన గాదెలో ఏమున్నదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఇక 2025లో లీగ్ సకాలంలో ఆరంభం కాకపోవడం వలన ఆటగాళ్ళకు అభ్యాసం చాలలేదన్నది న్యాయమైన మాటే. అయితే మార్చి, జూన్ నెలల ఆటలకు ఆ సాకు వర్తించదు.

తప్పు పైనుండి మాత్రమే మొదలు కాలేదని కూడ చెప్పవలెను. మన పాఠశాలలలో, కళాశాలలలో జట్టు ఎట్లు కూర్చుతాము? గట్టిగా తన్నేవాడు వెనుక, వేగంగా పరుగెత్తేవాడు వింగ్‌లో, పెద్దల పిల్లవాడు ముందర! గోల్ చేయడం నేర్పవలసిన విద్య అని ఎవరికీ తోచదు. అనంతపురంలో ఆర్.డి.టి. వారి క్రీడాగ్రామం ఉన్నది. ఫుట్‌బాల్ నేర్పే శిక్షకులున్నారు. మన జిల్లా కుర్రవాండ్రు అక్కడికి పోయి ఆడుతున్నారు. వారిలో గోల్ ముందర చల్లగా నిలువగలవాని కోసం ప్రత్యేకంగా వెదకుమని, వారానికి రెండు రోజులు ఆ ఒక్క విద్యే నేర్పుమని శిక్షకులను వేడుకొంటున్నాము. ఎడమ కాలితో, కుడి కాలితో, ఎదురుగా గోల్ కీపర్ వస్తూ ఉండగా, ఒక్క తాకుడుతో కొట్టే అభ్యాసం అది. దానికి పెద్ద స్టేడియం అక్కరలేదు, రెండు రాళ్ళు చాలు.

జాతీయ కోచ్ గారికి మా మనవి ఒక్కటే. ఢాకాకు ఛెత్రి పోలేదు. 11వ నిమిషంలో గోలు ఇచ్చుకొని, తక్కిన ఆటంతా దాని వెంటబడి కూడ ఒక్కటి తిరిగి ఇవ్వలేకపోయినాము. ఛెత్రి స్థానంలో ఎవరు అన్న ప్రశ్నకు లీగ్ పట్టికలో ముందు వరుసవారి పేర్లు వెదకితే విదేశీయులే కనిపిస్తారు. కనుక వెదకవలసినది అక్కడ కాదు. ఏ క్లబ్బులోనో, ముందర చోటు దొరకక, ఇరవై ఏండ్ల కుర్రవాడొకడు ఫుల్‌బ్యాక్‌గా కాలం గడుపుతూ ఉండవచ్చును.