పిరికితనమా, రుగ్మతా?

మనస్తత్వశాస్త్రం పేరెత్తితే చాలు, మన విమర్శకుల్లో కొందరికి కనుబొమలు ముడిపడతాయి. కథలో ఒక మనిషి నడిరాత్రి వులిక్కిపడి లేచి కూర్చున్నా, తన చేతులు తనవి కావన్నట్టు చూసుకున్నా, ఇదంతా మధ్యతరగతి జబ్బు, సమాజం మారితే ఇదీ పోతుందని తీర్పు చెప్పి పుస్తకం మూసేస్తారు. వీరికి ఎదురు మరొక పక్షం వున్నది. వారి దృష్టిలో మనసొక చీకటి బావి. అందులోకి తొంగిచూడడమే కళ. ఆ బావి ఎవరు తవ్వారని అడగడం మోటుతనం. ఈ రెండు పక్షాలూ ఎంతకాలంగా పోట్లాడుకుంటున్నా ఒక్క విషయంలో మాత్రం ఏకమవుతాయి. బాధపడుతున్న మనిషిని రెండూ వదిలేస్తాయి. నా ఫిర్యాదు అదే.

మొదటి పక్షం వాదంలో సత్యం లేకపోలేదు. 1998 ప్రాంతంలో ఓరుగల్లు పల్లెల్లో పత్తిరైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నప్పుడు, కారణాన్ని వారి మెదడులో వెదకడం అన్యాయం. పురుగు తిన్న పైరు, తీరని అప్పు, వడ్డీవ్యాపారి గుమ్మం ఎదుటనే కనిపిస్తున్నాయి. 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు తప్పులతడకగా వెలువడి, ఇరవైమంది దాకా పిల్లలు ఆత్మహత్య చేసుకున్నారు. అది మార్కుల యంత్రాంగం మీద నేరారోపణే తప్ప పిల్లల మనోబలం మీద వ్యాఖ్య కాదు. ఇంతవరకు నేనూ ఆ పక్షమే. కాని నిప్పు ఎవరు పెట్టారో తేల్చినంత మాత్రాన కాలిన ఒళ్ళు మానుతుందా? వ్యవస్థ మారేదాకా ఈ రాత్రి నిద్రపట్టనివాడు ఏం చేయాలి?

రోగానికి పేరు పెట్టడమే వ్యక్తివాదమని అనేవారికి ఒక చరిత్ర గుర్తుచేస్తాను. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి మోతల మధ్య నెలల తరబడి కందకాల్లో గడిపిన సైనికులకు కాళ్ళూచేతులూ వణికాయి, నోట మాట పడిపోయింది. 1915లో వైద్యులు దానిని షెల్ షాక్ అన్నారు. సైన్యాధికారులు చాలామంది పిరికితనం అన్నారు. పారిపోయారనీ, పిరికితనం చూపారనీ ఇటువంటి నేరాలు మోపి బ్రిటిష్ సైన్యం కాల్చి చంపిన 306 మందికి 2006లో గాని క్షమాపణ దక్కలేదు. వారిలో మనసు దెబ్బతిన్నవారు ఎందరో వున్నారు. ఆ తరవాత వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన అమెరికన్ సైనికులు, వారి పక్షాన నిలిచిన వైద్యులు పట్టుబట్టి పోరాడగా, 1980లో అమెరికా మనోవైద్య సంఘం తన రోగాల జాబితాలో ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మతను చేర్చింది. ఈ పేరు ఏ దంతపుమేడలోనో పుట్టింది కాదు. జనం పోరాడి సాధించుకున్నది. దానిని బూర్జువా మాట అని తోసిపుచ్చే అధికారం మనకెవరిచ్చారు?

ఆ పేరులో ఏమున్నది? ఘోరం జరిగిపోయి ఏళ్ళు గడిచినా, దేహం మాత్రం ఇంకా కాపలా కాస్తూనే వుంటుంది. చిన్న చప్పుడుకు గుండె జారుతుంది. జ్ఞాపకం గతంలా రాదు, కళ్ళ ముందు మళ్ళీ జరుగుతున్నట్టే వస్తుంది. ఆ చోటికి, ఆ మాటకి, ఆ మనుషులకి దూరంగా మసలడమే బతుకంతా అవుతుంది. వరదలో ఇల్లు పోయినవారిలోనైనా, ఇంట్లోనే దెబ్బలు తిన్న ఆడదానిలోనైనా ఇది కనిపించవచ్చు. ఆమెకు గుండెధైర్యం బోధించడమంటే కాలు విరిగినవాడికి నడకపాఠం చెప్పడమే.

ఇక కుంగుబాటు సంగతి. దుఃఖమూ ఇదీ ఒకటి కావు. దుఃఖంలో వున్నవాడు ఏడుస్తాడు, ఓదారిస్తే కాస్త తేరుకుంటాడు. కుంగుబాటులో రెండు వారాలో, రెండు నెలలో, అంతకు మించో ఏ పనీ రుచించదు. నిద్ర, ఆకలి తలకిందులవుతాయి. చేయని నేరానికి కూడా తానే దోషినన్న భావం పీడిస్తుంది. మరికొందరిలో ఈ కుంగుబాటు ఒక దశ అయితే, నిద్ర అక్కరలేని ఉద్రేకం మరొక దశ. ఈ రెండో రకం రుగ్మతలో, 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఒక మామూలు లవణాన్ని, లిథియంను, ప్రయోగించి చూశాడు. ఉద్రేకం శమించింది. ఈనాటికీ అది ముఖ్యమైన మందుల్లో ఒకటి. మనసు పదార్థం నుంచే పుట్టిందని ఉపన్యసించే మన భౌతికవాదులు, మందు మింగితే మనసు కుదుటపడుతుందనగానే ఎందుకు ముఖం చిట్లిస్తారో నాకు బోధపడదు. సమాజమూ పదార్థమే, మెదడూ పదార్థమే గదా!

మన వూళ్ళల్లో అన్నిటికంటె అన్యాయానికి గురైనది మూడవది, చైతన్యం విడివడడం. కొత్తకోడలికి దయ్యం పట్టిందంటారు. అత్తగారిని పల్లెత్తుమాట అనని నోరు ఆ పూట "ఒసేయ్" అని గద్దిస్తుంది. తెల్లవారితే ఆమెకేమీ గుర్తుండదు. భూతవైద్యుడు వేపమండలతో కొడతాడు, మిరపకాయల పొగ పెడతాడు. ఇతన్ని ఖండించడం మనకు తేలిక. కాని మన హేతువాది ఏమంటున్నాడు? నాటకం ఆడుతోందంటాడు. ఒకడు ఒంటిమీద కొడితే మరొకడు మాటతో కొడుతున్నాడు. ఫ్రాన్సులో పియేర్ జానే 1889లోనే దీనిమీద గ్రంథం వెలువరించాడు. భరించరాని అనుభవం ఎదురైనప్పుడు జ్ఞాపకమూ, తాననే ఎరుకా ఒకదానినుంచి ఒకటి విడిపోతాయని అతడు చూపాడు. అందులో దయ్యమూ లేదు, నటనా లేదు. తన గొంతుతో చెప్పుకునే హక్కు లేనిచోట ఆమె బాధ మరో గొంతు వెదుక్కున్నది.

అలాగని ప్రతి పూనకమూ రోగమని నేననడం లేదు. బోనాల జాతరలో రంగం చెప్పే ఆమెను ఆసుపత్రికి పంపమనేవాడు మూర్ఖుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన రోగవర్గీకరణ కూడా, జనం ఆచారంగా అంగీకరించిన ఆవేశాన్ని రుగ్మతల లెక్క నుంచి మినహాయించింది. తన ఇష్టానికి విరుద్ధంగా వచ్చి, బతుకును చెడగొట్టి, బాధపెట్టేదే రుగ్మత. ఈమాత్రం విచక్షణ వైద్యుడికి వుండగా రచయితకు లేకపోవడం సిగ్గుచేటు.

సాహిత్యం దగ్గరికి వద్దాం. గోపీచంద్ సీతారామారావును సృష్టించి 'అసమర్థుడు' అన్నాడు. కృష్ణాతీరపు కలిగిన కుటుంబాల పతనానికి అతడు చిహ్నమన్నారు కొందరు. ఆత్మన్యూనతకు నమూనా అన్నారు మరికొందరు. రావిశాస్త్రి 'అల్పజీవి' సుబ్బయ్యను కూడా న్యూనతాభావమనే ఒక్క మాటతో ముగించే జవాబుపత్రాలు నేను ఏటా దిద్దుతున్నాను. తప్పు విద్యార్థులది కాదు, మన విమర్శ వారికి నేర్పింది అంతే. పాత్రలు రోగులు కావు, వారికి మందుచీటీ రాయమని నేను కోరడం లేదు. సుబ్బయ్య భయం ఇంట్లోనూ ఆఫీసులోనూ ఎవరికి అక్కరకు వస్తున్నదో, అది అతని నడకలో, మాటలో, నిద్రలో ఎలా వ్యాపించిందో చూడమంటున్నాను. వర్గవిశ్లేషణా, మనోవిశ్లేషణా అక్కడ కలుసుకుంటాయి.

ఇది పుస్తకాల గొడవ అనుకునేవారు మన కళాశాలలకు రావాలి. మూడు వారాలు క్లాసుకు రాని కుర్రవాడికి అందేది హాజరు తగ్గిందన్న నోటీసు. వచ్చి తలవంచుకుని కూర్చుంటే బద్ధకమన్న బిరుదు. ఏమైందిరా అని అడిగే తీరిక మాకు లేదు. 1860 నాటి శిక్షాస్మృతి ఆత్మహత్యాయత్నం చేసి బతికినవాడికి ఏడాది దాకా జైలు రాసిపెట్టింది. అటువంటివాడు తీవ్రమైన ఒత్తిడిలో వున్నాడనే భావించాలనీ, ప్రభుత్వమే అతని సంరక్షణ చూడాలనీ 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెప్పింది. చట్టం మారినా మన నాలుక మారలేదు. "నిన్ను ఎర్రగడ్డ పంపాలి" అన్నది ఇప్పటికీ మన హాస్యమే, మన సినిమా హాస్యమే.

2015–16లో బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థ 12 రాష్ట్రాల్లో సర్వే చేసింది. వయోజనుల్లో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో వున్నారనీ, రుగ్మతను బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదనీ తేల్చింది. ఆ 12 రాష్ట్రాల్లో మన తెలుగు రాష్ట్రాలు లేవు. మన బాధ లెక్కలోకైనా ఎక్కలేదన్నమాట. ఆసుపత్రులు, మందులు, మనోవైద్యులు కావాలని అడగడం కూలి పెంచమని అడగడంలాగే ప్రజల కోర్కె. దానికోసం ఊరేగింపు తీయడానికి మనకు మొహమాటమెందుకు?

మన రచయితల్ని నేనడిగేది తక్కువే. దయ్యం పట్టిన కోడలిని హాస్యపాత్ర చేయకండి. కుంగిపోయినవాణ్ణి ముగింపులో ఒక ఉపన్యాసంతో లేపి జెండా చేతికివ్వకండి, అలా లేచినవాడు లేడు. అతడెలా నిద్రలేచాడో, అన్నం ముందు ఎంతసేపు కూర్చున్నాడో, ఎవరు పక్కన నిలిచారో, ఏ వైద్యుడు ఎంత దూరంలో వున్నాడో, ఆ బస్సు చార్జీ ఎవరిచ్చారో రాయండి. దీనితో విభేదించే మిత్రులు ఈ పత్రికలోనే జవాబు చెప్పాలని కోరుతున్నాను. జవాబిచ్చేటప్పుడు ఆ కోడలినీ, ఆ కుర్రవాడినీ ఎదుట కూర్చోబెట్టుకుని మాట్లాడమని మాత్రం మనవి.