శూన్యశక్తి భవనములు: సర్కారు కట్టడములకు తగిన నియమము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిన మాట సోదరీమణులెల్లరకును తెలిసినదే. కాని కట్టుటతోనే ఇంటి వ్యయము తీరదు. దీపములకు, పంకాలకు, నీటి పంపునకు, వేసవిలో ఏ.సి. యంత్రమునకు ప్రతిమాసమును బిల్లు వచ్చుచునే యుండును. మన యింటి బిల్లు మనమెరుగుదుము. కచేరీలకును, ఆసుపత్రులకును, బడులకును వచ్చు బిల్లు మాత్రము మన కంటబడదు. అయినను దానిని చెల్లించునది మన పన్నుల సొమ్మే. అందుచే ఈ మాసమున ప్రజాభవనముల కరెంటు లెక్కను గూర్చి మా పాఠకురాండ్రకు కొంత విన్నవింపదలచితిమి.

సర్కారు క్రొత్తగా కట్టించు ప్రతి భవనమును శూన్యశక్తి భవనముగా నుండవలెనను నియమము కొన్ని దేశములలో వచ్చినది. శూన్యమనగా ఆ భవనమున దీపమే వెలుగదని కాదు. సంవత్సరము మొత్తము మీద అది ఎంత శక్తిని వాడుకొనునో అంత శక్తిని తన కప్పుమీదనో, ఆవరణలోనో తానే పుట్టించుకొనవలెనని భావము. పొరుగింటి నుండి రెండు సోలల బియ్యము చేబదులు తెచ్చుకొని, మన గాదె నిండినప్పుడు తిరిగి కొలిచి యిచ్చుట మన కలవాటే గదా. ఈ భవనమును అట్లే పగటివేళ సూర్యఫలకములవలన వచ్చిన మిగులును కరెంటు తీగలకు ఒప్పగించి, రాత్రివేళ కావలసినది తిరిగి పుచ్చుకొనును. ఏటి చివర బాకీ లేకుండిన అది శూన్యము.

ఐరోపా సమాఖ్య 2010వ సంవత్సరమున చేసిన శాసనములో, 2018 డిసెంబరు 31 తరువాత ప్రభుత్వసంస్థలు తాము స్వంతముగా కట్టించుకొని వాడుకొను క్రొత్త భవనములన్నియు దాదాపు శూన్యశక్తి భవనములుగా నుండవలెనని నిర్ణయించిరి. తక్కినవారి క్రొత్త కట్టడములకు మరి రెండేండ్లు గడువిచ్చిరి. 2024లో ఆ శాసనమును సవరించి, ప్రభుత్వసంస్థల క్రొత్త భవనములు 2028 జనవరి 1 నుండియు, తక్కినవన్నియు 2030 జనవరి 1 నుండియు కాలుష్యవాయువు వెడలని భవనములుగా నుండవలెనని విధించిరి. రెండుసార్లును సర్కారునకే ముందుగడువు పెట్టుట గమనింపదగినది. ఇరుగుపొరుగులకు నీతి చెప్పువాడు ముందు తన వాకిలి ఊడ్చుకొనవలెను గదా. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున గవర్నరు 2012లో ఇట్టి యుత్తరువే చేసెను. 2025 తరువాత రూపకల్పన మొదలగు రాష్ట్రప్రభుత్వ భవనములన్నిటికిని అది వర్తించును.

మన దేశమున అట్టి భవనము లేకపోలేదు. క్రొత్త ఢిల్లీలో పర్యావరణ మంత్రిత్వశాఖకై కట్టిన ఇందిరా పర్యావరణ భవనమును 2014 ఫిబ్రవరిలో అప్పటి ప్రధానమంత్రి డాక్టరు మన్‌మోహన్ సింగుగారు ప్రారంభించిరి. దాని కప్పుమీది సూర్యఫలకముల సామర్థ్యము 930 కిలోవాట్లు. ఏడాదికి రమారమి 14 లక్షల యూనిట్లు వచ్చునని లెక్క వేసి, భవనపు వాడకమును ఆ మేరకు తగ్గించి కట్టిరి. తగ్గించిన విధమే మనకు ముఖ్యము. పొడుగాటి గోడలను ఉత్తర దక్షిణములకు త్రిప్పిరి. నడుమ విశాలమైన ముంగిలి విడిచి, గాలియు వెలుతురును లోపలికి వచ్చునట్లు చేసిరి. ఏ.సి. యంత్రముల వేడిని భూమిలో లోతుగా దించిన గొట్టముల నీటి ద్వారా నేలకప్పగించు నేర్పాటును చేసిరి.

ఈ నేర్పులో సగము మన ముత్తవ్వల కాలపు మండువా లోగిలిలో నున్నదే. నడుమ ఆకాశము కనబడు మండువా, దళసరి గోడలు, దిగజారిన చూరు, చుట్టును వసారా. ఇవన్నియు ఎండను గోడ తాకనీయకుండుటకే. వేసవిలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తిన నుండును గనుక ఉత్తర దక్షిణపు గోడలకు కొద్దిపాటి చూరు చాలును. తూర్పు పడమరల ఎండ ఏటవాలుగా లోనికి జొరబడును; దానిని చూరు ఆపలేదు. ఈ సంగతి మరచి, పడమటి ముఖమంతయు అద్దములు బిగించి, లోపల యంత్రములతో చల్లబరచు కచేరీలను మనము పట్టణములలో చూచుచున్నాము. అట్టి భవనము ముందు ఎండను ఆహ్వానించి, పిదప దానిని వెడలగొట్టుటకు కరెంటు ధారపోయుచున్నది.

ఇక బడి సంగతి చూతము. ఐదు గదుల బడిలో గదికి నాలుగు చొప్పున ఇరువది పంకాలున్నవనుకొందము. పాతరకము పంకాకు 75 వాట్లు వ్యయమగును. దినమునకు ఆరు గంటలు తిరిగిన 9 యూనిట్లు. బడి జరుగు 220 దినములకు 1,980 యూనిట్లు. నేటి పొదుపు పంకాకు 30 వాట్లే చాలును గనుక అదే గాలికి 792 యూనిట్లు సరిపోవును. కిటికీలు చక్కగా నమర్చి దీపములు రెండు గంటలకు మించి వెలిగింపనక్కరలేకున్న, వానికి మరి 176 యూనిట్లు చాలును. మొత్తము వేయి లోపే. మన ప్రాంతమున ఒక కిలోవాటు సూర్యఫలకములు నూరు చదరపుటడుగుల చోట ఏటికి సుమారు 1,400 యూనిట్ల నిచ్చును. అనగా ఒక చిన్న గది కప్పంత చోటుతో ఆ బడి బాకీ తీరిపోవును. పాత పంకాలే పెట్టినచో ఆ ఫలకములు చాలవు. ముందు పొదుపు, పిదప ఉత్పత్తి అను క్రమము ఇందుచేతనే యేర్పడినది.

ఆసుపత్రి కిది యంత సులభము కాదు. శస్త్రచికిత్స గదిని చల్లగా నుంచవలెను. టీకామందులు శీతలపేటికలో నుండవలెను. పనిముట్లను ఆవిరిలో నుడికింపవలెను. పురిటిగది రేయింబవళ్లు వెలుగుచుండవలెను. అంతస్తులు పెరిగినకొలది లోపలి వాడకము పెరుగును గాని కప్పు మాత్రము పెరుగదు. కావున నియమము చేయువారు బడికిని ఆసుపత్రికిని ఒకే కొలబద్ద పెట్టరాదు. బడులు, అంగన్‌వాడీలు, పంచాయతీ కచేరీలు వెంటనే శూన్యమును చేరగలవు. పెద్దాసుపత్రులకు తగిన గడువిచ్చి, ముందు వాడకము తగ్గింపుమని విధించుట న్యాయము.

మొదట సొమ్మెక్కువగునని కొందరాక్షేపింతురు. నిజమే, మంచి కప్పునకును, ఫలకములకును అదనపు సొమ్ము కావలెను. కాని సర్కారులో కట్టించువారొకరు, బిల్లు కట్టువారొకరు. కట్టించుశాఖ తన పద్దు తగ్గించుకొన్న, ఆ భారము ఏబదియేండ్లు మరియొక శాఖపై బడుచుండును. అత్త సొమ్ము అల్లుడు దానము చేసినట్లు, మిగిలించుకొన్న పేరు ఒకరిది, చెల్లించు కష్టము వేరొకరిది. నియమము లేకున్న ఈ చిక్కు విడదు. అందుచే బుద్ధులు చెప్పుటకంటె శాసనము చేయుటయే మేలని మేము తలంచుచున్నాము.

మరియొక యపాయము కలదు. పంకా లేని బడికిని, దీపము లేని పురిటిగదికిని ఏటి చివర బాకీ యుండదు. అదియు శూన్యమే యగునా? చెమటలో తడిసిన బిడ్డలకు పాఠము తలకెక్కదు. ఉక్కపోతలో బాలింత నలిగిపోవును. కాబట్టి నియమములో గది చల్లదనమునకును, వెలుతురునకును, గాలికిని హద్దు లేర్పరచి, ఆ సౌఖ్యమును సమకూర్చిన పిమ్మటనే శూన్యమని లెక్కింపవలెను. కాగితముమీది శూన్యమునకు మురిసిపోరాదు. ఫలకములపై దుమ్ము పేరుకొన్న కరెంటు తగ్గును. వానిని కడుగువారెవరో, చెడినప్పుడు బాగుచేయువారెవరో ముందే నిర్ణయింపవలెను. వాడినదెంత, పుట్టినదెంత అను లెక్కను ప్రతియేటను భవనపు గుమ్మమున వ్రాసి పెట్టవలెను.

మన రాష్ట్రములలో కొంత పునాది పడినది. పెద్ద వాణిజ్య భవనములకై కేంద్రప్రభుత్వము 2007లో వెలువరించిన విద్యుత్ పొదుపు కోడును ఉమ్మడి ఆంధ్రప్రదేశము 2014లో తన నిబంధనలలో చేర్చుకొన్నది. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించి, సర్కారు భవనములకు ఎండను తిప్పికొట్టు తెల్లని కప్పును తప్పనిసరి చేసినది. కాని ఆ కోడు పొదుపునే విధించుచున్నది, శూన్యమును విధించుట లేదు. మిగిలిన మెట్టు ఎక్కవలసియున్నది.

ఇందులో స్త్రీలమైన మనకేమి పనియని సోదరీమణులు తలంపరాదు. తెలుగునాట పంచాయతీలలో సగము స్థానములు స్త్రీలవే. బడి కమిటీలలో తల్లులు కూర్చుండుచున్నారు. మీ యూర క్రొత్తగా బడిగది గాని, ఆరోగ్యకేంద్రము గాని కట్టుచున్నపుడు మూడు ప్రశ్నలడుగుడు. దీని కిటికీలు ఏ దిక్కునకున్నవి? కప్పునకు ఎండ దిగకుండ ఏమి చేయుచున్నారు? ఏటికెంత కరెంటు వాడును, అందులో నెంత తానే పుట్టించును? పునాది తీయక మునుపే అడుగవలెను. గోడ లేచిన పిదప దిక్కు మార్చుట ఎవరితరమును గాదు. మన యింటి వంటగదికి పొగ పోవు దారి యేదని మేస్త్రీని నిలదీసి యడుగు మనము, మన బిడ్డలు చదువు గదిని గూర్చి అడుగుటకు సంకోచింపనేల?