భయం కళ్లకు కనబడాలి

మాఘమాసంలో గోదావరి ఒడ్డున సమ్మక్క సారలమ్మ జాతర జరిగినా, డిసెంబరు 23న సింగరేణి ఆవిర్భావ దినోత్సవం జరిగినా, ఎండాకాలం సెలవుల్లో ఎవరో ఎగ్జిబిషన్ పెట్టినా, బొగ్గు బాయిల ఊళ్లలో దూరం నుంచి ముందు కనబడేది జెయింట్ వీలే. దాని చుట్టూ రంగులరాట్నం, కొలంబస్, బ్రేక్ డ్యాన్స్, పిల్లల డ్రాగన్ ట్రైన్ చేరతాయి. లారీల మీద వచ్చి, నాలుగు రోజులు తిరిగి, మళ్లీ లారీలెక్కి పోయే సరంజామా ఇది. కాస్త స్తోమత ఉన్న కుటుంబాలు ఇప్పుడు సింగరేణి వాళ్ల సెంటినరీ కాలనీ నుంచి రెండొందల కిలోమీటర్లు దాటి హైదరాబాద్ పోతున్నాయి. రావిర్యాల దగ్గర 2016లో తెరిచిన వండర్‌లా పార్కులో పిల్లల్ని రైడ్‌లు ఎక్కిస్తున్నాయి. తలకిందులుగా తిప్పి, అదే పట్టాల మీద వెనక్కి తెచ్చే రీకాయిల్ ఎక్కి వచ్చిన కుర్రాడికి జాతర వీల్ వెలవెలబోయి కనబడితే తప్పులేదు. 'ముసలోళ్లు గూడ ఎక్కేది అదేం రైడ్' అని తీసిపారేస్తాడు. కొత్త రైడ్‌లు పాతవాటిని మించాయా అన్న చర్చ ప్రపంచమంతటా ఇదే మాట దగ్గర మొదలవుతుంది, ఎత్తుల వేగాల లెక్కలతో ముగుస్తుంది. ఆ లెక్కల్లో కొత్తవే గెలుస్తాయి, సందేహం లేదు. అయితే కొత్త రైడ్‌లలో చాలావాటికి ఒంటిని కుదిపే శక్తి పెరిగినకొద్దీ కంటికి మిగిలేది తగ్గిపోతూ వచ్చిందని, పాతవాటిని అవి అందుకోలేకపోతున్నది అక్కడేనని నా అభిప్రాయం.

అసలు అమెరికా రోలర్ కోస్టర్ మూలాలు ఉన్నది బొగ్గు గని దగ్గరే. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మాక్ చంక్ అనే ఊళ్లో, కొండ మీద తీసిన బొగ్గును కింద నది దగ్గరికి చేర్చడానికి 1827లో పట్టాలు వేశారు. దూరం దాదాపు తొమ్మిది మైళ్లు. బొగ్గు నిండిన బండ్లు వాలు మీద వాటంతటవే దిగేవి. ఖాళీ బండ్లను కంచరగాడిదలు పైకి లాగేవి. లాగిన గాడిదలను కిందికి కూడా బండ్లలోనే దించేవారు. ఆ సుఖం మరిగాక కాలినడకన దిగమంటే అవి మొరాయించాయని చెబుతారు. తర్వాత పైకి లాగడానికి ఆవిరి యంత్రాలు వచ్చాయి. లాగుతున్నప్పుడు బండి వెనక్కి జారకుండా పట్టాల నడుమ పళ్ల పట్టీ వేసి, దానికి తగులుకునే కొక్కెం అమర్చారు. 1870ల్లో బొగ్గు వేరే దారి పట్టాక ఈ పట్టాలు పూర్తిగా సరదాకొచ్చే జనానికి మిగిలి, 1933 దాకా నడిచాయి. ఈ నమూనా స్ఫూర్తితోనే లామార్కస్ థాంప్సన్ 1884లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఐదు సెంట్ల టికెట్ పెట్టి స్విచ్‌బ్యాక్ రైల్వే నడిపాడు. వేగం గంటకు ఆరు మైళ్లు, సైకిల్ తొక్కేవాడు దాటిపోగలడు. అయినా జనం ఎగబడ్డారు. ఈనాటికీ చాలా రోలర్ కోస్టర్లు ఎత్తు ఎక్కేటప్పుడు వినబడే టకటక చప్పుడు ఆ మాక్ చంక్ కొక్కెం వంశానిదే. బాయిలో తాడుతో లాగే హాలేజీ మీద ఎక్కే బొగ్గు టబ్బుల వెనక, అవి జారకుండా బ్యాక్‌స్టే తగిలించిన సింగరేణి కార్మికుడికి ఆ ఏర్పాటు దేనికో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

వాలు, బరువు, తాడు. తొలి రైడ్‌లలో భయానికి ఈ మూడే పెట్టుబడి, మూడూ కళ్లెదుటే ఉండేవి. ఎక్కబోయేవాడు కింద నిలబడి చూస్తే తనకేం జరగబోతోందో పూర్తిగా అర్థమయ్యేది. అన్నీ తెలిసీ ఎక్కేవాడు, తెలిసినందుకే గుండె దడదడలాడేది. జెయింట్ వీల్ సంగతీ అంతే. హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇల్లెందులో బొగ్గు తీయడం మొదలుపెట్టిన 1889లోనే పారిస్‌లో ఐఫెల్ టవర్ నిలిచింది. దానికి దీటైనది కావాలని 1893 షికాగో ప్రదర్శనలో జార్జ్ ఫెర్రిస్ అనే ఇంజనీరు 264 అడుగుల చక్రం నిలబెట్టాడు. 36 పెట్టెలు, పెట్టెకు 60 మంది చొప్పున ఒకేసారి 2,160 మందిని పైకెత్తగలిగింది. అందులో తలకిందులు కావడం లేదు, కుదుపు లేదు. జనం డబ్బిచ్చి కొనుక్కున్నది పైనుంచి ఊరు చూడటాన్ని.

జాతర వీల్‌ను కాసేపు దగ్గర నిలబడి గమనిస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. ఆపరేటర్ ఒక తొట్టి నింపి, కొంత తిప్పి, ఎదురు పక్క తొట్టి కిందికి రాగానే ఆపి అందులో జనాన్ని కూచోబెడతాడు. బరువంతా ఒకే పక్క పడితే చక్రం సమంగా తిరగదని అతనికి తెలుసు. ఈ నింపుడు అయ్యేదాకా పైకి చేరినవాళ్లు గాలిలో వేలాడవలసిందే. తొట్టి కొద్దిగా ఊగుతుంది, కీలు కిర్రుమంటుంది, పక్కవాడు కావాలని ఇంకాస్త ఊపుతాడు. ఏ డిజైనరూ కాగితం మీద గీయని ఈ ఆగడమే ఆ రైడ్‌లో అసలు రుచి. సెంటినరీ కాలనీ వైపు అలా వేలాడినవాళ్లకు ఒక దిక్కు రామగిరి ఖిల్లా గుట్టలు, ఇంకో దిక్కు ఓపెన్‌కాస్టు తవ్విపోసిన ఓబీ మట్టి గుట్టలు కనబడతాయి. గోదావరిఖనిలోనైతే ఎన్టీపీసీ పొగగొట్టాలు. తన ఊరు ఎంతుందో, దాన్ని ఆనుకుని తవ్విన గొయ్యి ఎంతుందో నేల మీద తిరిగే మనిషికి ఒక్క చూపులో అందదు. షిఫ్టంతా బాయి లోపల గడిపే మనిషి విషయంలో ఇది మరీ నిజం. కింద నిలబడ్డవాళ్లకూ ఇందులో వాటా ఉంది. ఫలానా తొట్టిలో మావాళ్లున్నారని వేలు పెట్టి చూపిస్తారు, అరుస్తారు, దిగాక ఎగతాళి చేస్తారు. ముసలోళ్లు ఎక్కగలగడం ఆ చక్రానికి లోపమెలా అవుతుందో నాకు అర్థం కాదు. మనవరాలూ నాయినమ్మా ఒకే తొట్టిలో కూచుని ఒకేసారి భయపడే అవకాశం కొత్త రైడ్‌లలో ఎన్నింటికి ఉంది?

ఇప్పుడు కొత్తవాటి సంగతి. అమెరికాలో న్యూజెర్సీలో 2005లో కింగ్డా కా అనే రోలర్ కోస్టర్ వచ్చింది. ఎత్తు 456 అడుగులు, వేగం గంటకు 128 మైళ్లు, అప్పటికి రెండింటిలోనూ ప్రపంచ రికార్డు. మొత్తం రైడ్ అర నిమిషం కూడా లేదు. ఆరేళ్లు తిరగకుండా 2010లో అబుదాబీలోని ఫార్ములా రోసా గంటకు 240 కిలోమీటర్లతో దాని వేగాన్ని దాటేసింది. అక్కడ ముందు వరుసలో కూచునేవాళ్లు గాలికి, ఇసుకకు కళ్లద్దాలు పెట్టుకోవాలి. కింగ్డా కాను 2024లో మూసేసి, 2025 ఫిబ్రవరిలో పేలుడు పెట్టి కూల్చారు. కోనీ ఐలాండ్‌లో 1927లో కట్టిన సైక్లోన్ అనే కర్రల కోస్టర్ ఎత్తు 85 అడుగులే. అది ఇంకా నడుస్తోంది. రికార్డు కోసం కట్టినదానికి రికార్డు పోయాక చెప్పుకోవడానికి వేరే కారణం ఉండాలి. సైక్లోన్‌కు ఆ కారణాలున్నాయి. మలుపు మలుపుకూ వేరే తీరు, తల పక్కనుంచి పోయే దూలాలు, పైకి చేరగానే ఎదురుగా సముద్రం. వేగం అంటే పక్కన వెనక్కి పోయే వస్తువే మనకు చెప్పాలి. ఖాళీ ఆకాశంలో 200 కిలోమీటర్లయినా, దూలాల నడుమ 90 కిలోమీటర్లయినా తేడా మీటరుకు తెలుస్తుందేమో గానీ మనిషికి అంతగా తెలియదు.

ఇంకో రకం కొత్తవి తెరల మీద బతికేవి. పెద్ద పార్కుల్లో మంచి కథతో, కోట్ల ఖర్చుతో చేసినవి ఉన్నాయి, వాటి పనితనాన్ని తక్కువ చేయలేం. కానీ వాటి నకళ్లుగా మన మాల్స్‌లో వెలిసిన 12డి థియేటర్లు, కళ్లకు డబ్బా కట్టి కుర్చీ ఊపే యంత్రాలు చూడండి. అవి గోదావరిఖనిలో పెట్టినా గచ్చిబౌలిలో పెట్టినా ఒకటే. చుట్టుపక్కలవాళ్లకు కనబడేది కుర్చీలో ఊగే మనిషి మాత్రమే. లోపలివాడికి పక్కవాడి ముఖం కూడా కనబడదు.

నా వాదనకు గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. పాతవాటిలో పనికిమాలినవి లేవా అంటే బోలెడు. 1895లో కోనీ ఐలాండ్‌లోనే ఫ్లిప్ ఫ్లాప్ అని నిలువు చుట్టు తిరిగే రైడ్ పెట్టారు. ఆ చుట్టు అచ్చంగా గుండ్రంగా ఉండటంతో, లోపలికి దూరగానే ఒక్క దెబ్బన బరువంతా మెడ మీద పడేది. జనం మెడలు పట్టుకుని దిగేవారు. కొన్నేళ్లకే మూతపడింది. 1976లో కాలిఫోర్నియాలో కట్టిన రివల్యూషన్‌లో ఈ చిక్కు విడిపోయింది. చుట్టును గుండ్రంగా కాక నీటిబొట్టు ఆకారంలో, వంపు నెమ్మదిగా బిగిసేటట్టు గీశారు. రైలు పట్టాలను తిన్నని దారి నుంచి మలుపులోకి తిప్పే లెక్కే ఇది. అంటే వండర్‌లా కుర్రాడు మెడ నొప్పి లేకుండా దిగాడంటే అది కొత్త ఇంజనీరింగ్ పుణ్యమే. ఒప్పుకోవాలి. పైగా కొత్తవన్నీ కంటిని వదిలేసినవీ కావు. 1966లో టెక్సస్‌లో వచ్చిన రన్‌అవే మైన్ ట్రైన్, 1979లో డిస్నీలాండ్‌లో వచ్చిన బిగ్ థండర్ మౌంటెన్ రెండూ అదుపు తప్పిన గని బండిని ఎక్కిస్తాయి. ఒహైయోలో 1991లో కట్టిన మీన్ స్ట్రీక్ అనే కర్రల కోస్టర్‌కు ఒళ్లు హూనం చేస్తుందని పేరొచ్చింది. ఆ కర్రల మీదే ఉక్కు పట్టాలు వేసి 2018లో స్టీల్ వెంజెన్స్‌గా మార్చారు. కొత్త పట్టా, పాత దూలాల నడుమ పరుగు. పాతవాటికి దీటైన కొత్తది ఏదంటే నేను మొదట చూపించేది దాన్నే. నా కొలబద్ద వయసు కాదన్నమాట.

మరో అభ్యంతరం తర్కానికి సంబంధించింది. పాతవాటిలో మంచివే మిగిలాయి, చెడ్డవి ఎప్పుడో తుక్కుకు పోయాయి, కాబట్టి ఏరిన పాతవాటిని ఏరని కొత్తవాటితో పోల్చడం అన్యాయం అంటారు. నిజమే. 1920లలో అమెరికాలో వందల కొద్దీ ఉన్న కర్రల కోస్టర్లు ఆ తర్వాతి ఆర్థిక మాంద్యంలో కుప్పకూలాయి, వాటిలో మంచివీ పోయే ఉంటాయి. కానీ మిగలడం అదృష్టం ఒక్కదానితో జరగదు. సైక్లోన్‌ను 1970ల మొదట్లో పక్కనున్న అక్వేరియం విస్తరణ కోసం కూల్చాలనుకుంటే జనం అడ్డుపడ్డారు, బాగు చేయించి 1975లో మళ్లీ తెరిపించారు. ఊరికి కనబడని యంత్రం కోసం ఊరు అడ్డుపడుతుందా? ఇదంతా పెద్దవాళ్ల చిన్ననాటి మురిపెం అని కొట్టేసేవాళ్లు, జాతరలో వీల్ ముందు నిలబడే వరుసలో సగం మందికి చిన్నతనం ఇంకా గడవనే లేదన్న సంగతి కూడా చూడాలి. డబ్బు లెక్క చెప్పి వదిలేస్తాను. పార్కు టికెట్ మనిషికి వెయ్యి దాటుతుంది, దారి ఖర్చులు అదనం. జాతర వీల్ టికెట్ కాంట్రాక్టు కార్మికుడి పిల్లలకూ అందుతుంది.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం భద్రత. పార్కులో రైడ్‌కు పునాది ఉంటుంది, ఇంజనీర్లుంటారు, సెన్సర్లుంటాయి. జాతర వీల్‌ను ఊరూరా విప్పి బిగిస్తారు. ఎన్ని బోల్టులు పాతవో, ఏ పిన్ను అరిగిందో ఎవరు చూశారు? ప్రమాదాల జాబితా చూస్తే తప్పు పాతదనానిదని మాత్రం తేలదు. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియాలో విరిగిపడి ఇద్దరి ప్రాణాలు తీసింది లోలకంలా ఊగే ఆధునిక రైడ్. 2022 సెప్టెంబరులో మొహాలీలో ఒక్కసారిగా కిందపడింది డ్రాప్ టవర్. 2025 జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో జనం తలకిందులుగా వేలాడిపోయింది మధ్యలో ఆగిన ఓ కొత్త తరహా రైడ్‌లో. సంక్లిష్టమైన కొత్త యంత్రం పెట్టి, పాత చక్రానికి చేసేపాటి తనిఖీ కూడా చేయకపోతే జరిగేది ఇదే. చక్రంలో చెడింది కంటికి కనబడే వీలైనా ఉంటుంది.

ఆ చూసే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు బొగ్గు బెల్టులో జవాబు దగ్గర్లోనే ఉంది. గనిలో హాలేజీ తాడు, కప్లింగులు, స్టాప్ బ్లాకులు గడువు ప్రకారం పరీక్షించాలి. చూసినవాడు పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. సంతకం లేకపోతే గని తనిఖీ అధికారి ఊరుకోడు. తాడూ పిన్నూ బేరింగూ చూడటం వృత్తిగా ఉన్న మనుషులు ఇన్ని వేలమంది ఒకే చోట ఉన్న ప్రాంతం తెలంగాణలో ఇంకోటి లేదు. సింగరేణి మైదానంలో గానీ మున్సిపాలిటీ జాగాలో గానీ ఎగ్జిబిషన్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు, వర్క్‌షాప్ ఇంజనీరు ఒకరు వీల్ బిగింపు చూసి, ఖాళీ తొట్లతో ఒకసారి, ఇసుక బస్తాలతో ఒకసారి తిప్పించి సంతకం చేయాలన్న షరతు పెట్టవచ్చు. ఆ కాగితం నకలు టికెట్ కౌంటర్ అద్దానికి అంటించాలి. రోజూ సాయంత్రం మొదటి ట్రిప్పు ముందు ఆపరేటర్ కూడా తన తనిఖీ రాసి పెట్టాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, అనుమతి పత్రంలో రెండు వాక్యాలు చాలు. వచ్చే డిసెంబరు 23 లోపే రాయవచ్చు.